పరుగు ఆదివారం, ఆయాసం చవితి దాకా

2025 ఆగస్టు 24, ఆదివారం. తెల్లారకముందే హైదరాబాద్ మారథాన్ మొదలైంది. ఎండ ముదిరేలోపు చాలామంది మెడలో పతకాలు పడ్డాయి, చేతిలో అరటిపళ్ళు పడ్డాయి. అక్కడితో హైదరాబాద్‌లో పరుగు ముగిసింది. ఎన్టీఆర్ జిల్లా మెట్టలోని నందిగామ, జగ్గయ్యపేటల్లో మాత్రం సోమవారం పొద్దున మొదలై, వినాయక చవితి దాటినా ఆగలేదు.

పరిగెత్తొచ్చిన వాళ్ళు నిజానికి వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందే. ఒక బ్యాంకు మేనేజరు, సిమెంటు ఫ్యాక్టరీ ఇంజినీరొకాయన, ఒక పురుగుమందుల డీలరు, కంపెనీ హైదరాబాద్‌లోనూ కంచం అమ్మ దగ్గరా పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళిద్దరు. వినవలసి వచ్చినవాళ్ళు మాత్రం రెండూళ్ళ జనం. ఇప్పుడు మెట్టలో గుమ్మం దిగని మనిషికి కూడా రూటు కంఠతా వచ్చు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలు, పంజాగుట్ట, కేబీఆర్ పార్కు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ఆఖరికి గచ్చిబౌలి స్టేడియం. ఏ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎవరికి పిక్క పట్టిందో, దిగేటప్పుడు ఎవరికి దేవుడు కనిపించాడో టీ కొట్టు కుర్రాడు తడుముకోకుండా చెబుతాడు.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్ల 50 సెంటీమీటర్లు. ఇది పరిగెత్తడానికి నందిగామ నుంచి కారులో రెండు వందల కిలోమీటర్లు దాటి వెళ్ళాలి, మళ్ళీ అంతా తిరిగి రావాలి. దారిలో చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు పోను మూడు, రాను మూడు. పరిగెత్తడానికి టోలు కట్టిన వంశం మెట్టలో ఇదే మొదటిది. మేనేజరు గారి శ్రీమతి బాధ ఇంకోటి. "సందు చివర కొట్లో పాల ప్యాకెట్ తెమ్మంటే బండి తాళాలేవీ అంటారు. హైదరాబాద్ పోయి డబ్బు కట్టి మరీ పరిగెత్తారట. ఆ డబ్బేదో నాకిస్తే రోజూ పాలకి పంపించేదాన్నిగా?"

లెక్కలో ఆ తోక ఎందుకని, అంటే 21 తర్వాత ఆ 97 మీటర్ల 50 సెంటీమీటర్లు ఎందుకని జగ్గయ్యపేటలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు అడిగారు. డీలరు గారికి తెలియలేదు. పరిగెత్తినవాడికి అది తెలియనక్కర్లేదు కూడా. సంగతేమిటంటే 1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ని విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాచకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించారు. అలా 42 కిలోమీటర్ల 195 మీటర్లు తేలింది. 1921లో అదే ఖాయం చేశారు. అందులో సగమే ఈ హాఫ్. గొప్పవారి గుమ్మం ముందు మొదలై గొప్పవారి కుర్చీ ముందు ముగియాలంటే రోడ్డు ఎంత పొడుగైనా సాగుతుందన్నమాట. మాస్టారికి ఇది ఇట్టే అర్థమైంది. ఊళ్ళో సిమెంటు రోడ్డు ఎవరి వాకిట్లో ఆగిపోయిందో ఆయన రోజూ చూస్తున్నదే.

ఆ తర్వాత వాచీల గొడవ వచ్చింది. ఇంజినీరు గారి చేతి వాచీ 21.6 కిలోమీటర్లు చూపించింది. నిర్వాహకులు అర కిలోమీటరు అదనంగా పరిగెత్తించారని ఆయన అభియోగం. గుర్తింపు పొందిన రేసుల్లో దూరాన్ని సైకిల్ చక్రానికి లెక్కపెట్టే పరికరం బిగించి కొలుస్తారు. మలుపు మలుపుకీ అతి దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు, ఎక్కడా తక్కువ పడకుండా కిలోమీటరుకి ఒక మీటరు పైన కలుపుతారు. పరిగెత్తేవాడు ఆ గీత మీద పోడు. మంచినీళ్ళ బల్ల కోసం ఎడమకి, సెల్ఫీ కోసం కుడికి పోతాడు. చేతి వాచీ ఆకాశంలో ఉపగ్రహాన్ని అడిగి, ఎత్తైన మేడల మధ్య అది చెప్పింది సరిగ్గా వినపడక తనకి తోచింది రాసుకుంటుంది.

జగ్గయ్యపేట జనానికి ఉపగ్రహాలతో పాత పరిచయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వేకి 2020 డిసెంబరు 21న శ్రీకారం చుట్టింది ఈ మండలంలోని తక్కెళ్ళపాడులోనే. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు తిరిగాయి. ఆ సర్వే తర్వాత విస్తీర్ణం తగ్గిపోయిందని రాష్ట్రంలో చాలాచోట్ల రైతులు అర్జీలు పట్టుకుని తిరిగారు. అందుకే ఇంజినీరు గారి వాచీ కథ విన్న ఒక పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ తీర్పు చెప్పేశాడు. "పొలం కొలిస్తే తగ్గిద్ది, పరుగు కొలిస్తే పెరిగిద్ది. ఆ పైనున్నోడికి మనమంటే లెక్కే లేదబ్బాయ్. ఈసారి ఆ వాచీ పెట్టుకుని నా చేను చుట్టూ పరిగెత్తు, పోయిన సెంట్లు తిరిగొస్తాయేమో చూద్దాం."

డీలరు గారి అభిమాన విషయం బూట్లు. లోపల కార్బన్ పలక ఉంటుందట, అడుగు వేస్తే మనిషిని అదే ముందుకి నెడుతుందట. రోడ్డు పరుగుల్లో అడుగుమందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 2020లో గీత గీసింది, లేకపోతే ఈపాటికి మడమల కింద మిద్దెలు లేచేవి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా ఉత్త కాళ్ళతో పరిగెత్తి మారథాన్ గెలిచాడన్న మాట ఎవరైనా అంటే డీలరు గారు మొహం పక్కకి తిప్పుకుంటారు. బూట్ల రేటు చెప్పినప్పుడు కొట్టు ముందు నిలబడ్డ రైతులు కూడా కాసేపు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. వాళ్ళకి ఆ వారమంతా కావలసింది యూరియా. రెండు రాష్ట్రాల్లోనూ దానికోసం క్యూలు కట్టిన రోజులవి. తెలంగాణలో కొన్నిచోట్ల నిలబడలేక మనుషులు నీడకి పోతే వాళ్ళకి బదులుగా చెప్పులే వరుసలో నిలబడ్డాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి స్టార్టింగ్ లైను దగ్గర నిలబడ్డానని డీలరు గారు అంటే, "మేమూ అంతేనండీ, కాకపోతే మాకు తుపాకీ పేల్చేవాడు రాలా" అన్నాడొక రైతు.

ఇక టైము. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి. హాఫ్ మారథాన్‌ని 2024 అక్టోబరులో వలెన్సియాలో ఇథియోపియా పరుగువీరుడు యోమిఫ్ కెజెల్చా 57 నిమిషాల 30 సెకన్లలో ముగించాడు. మన అవినాష్ సాబ్లే 2020లో ఢిల్లీలో గంటా 30 సెకన్లలో పూర్తిచేశాడు. మేనేజరు గారు 2 గంటల 40 నిమిషాలు అన్నారు. అడగ్గా అడగ్గా అది చిప్ టైము అని తేలింది. అంటే నంబరు కాగితానికి అంటించిన చిప్ స్టార్టింగ్ గీత దాటిన క్షణం నుంచి లెక్క. తుపాకీ పేలినప్పటి నుంచి లెక్కవేస్తే ఇంకొన్ని నిమిషాలు పెరుగుతాయి. ఆ నిమిషాలు గుంపులో నిలబడి పోయాయి కాబట్టి ఆయనవి కావు. టాయిలెట్ వరుసలో నిలబడ్డ ఆరు నిమిషాలు మినహాయించాలి, అవి నిర్వాహకులవి. షూ లేసు కట్టుకున్న రెండు నిమిషాలు, అవి కంపెనీవి. టీ చల్లారేలోపు మేనేజరు గారు రెండున్నర గంటల దరిదాపుల్లోకి వచ్చేశారు. ఇంకో టీ చెబితే సాబ్లేని అందుకునేవారే, బ్యాంకు తెరిచే వేళైంది.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళలో ఒకడి మీద ఇంకొకడికి అనుమానం. పంజాగుట్ట దగ్గర వెనకబడినవాడు స్టేడియంలో తనకన్నా ముందెలా ఉన్నాడని. మెట్రో ఎక్కాడా, ఆటో పట్టాడా? ఇలాంటి ముచ్చట్లకి వంశచరిత్ర ఉంది. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ఫ్రెడ్ లోర్జ్ మధ్యలో కారెక్కి చాలాదూరం పోయి, చివర్లో దిగి స్టేడియంలోకి పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టించుకున్నాడు. పట్టుబడ్డాక సరదాకి చేశానన్నాడు. 1980లో బోస్టన్‌లో రోజీ రూయిజ్ అనే ఆవిడ చివర్లో జనంలోంచి రోడ్డు మీదికొచ్చి ఆడవాళ్ళలో మొదటి స్థానం కొట్టేసింది, వారం తిరిగాక పతకం లాగేసుకున్నారు. మన కుర్రాడు కారెక్కాడన్న ఆధారమేమీ లేదు. వాడు చెప్పే జవాబు ఒకటే. "మామా, హైదరాబాద్ ట్రాఫిక్‌లో కారెక్కితే నీకన్నా వెనకే వచ్చేవాణ్ణిగా."

అనుభవాల పంపకం పతాక స్థాయికి చేరింది 27వ తేదీ, బుధవారం, చవితి పందిట్లో. మేనేజరు దంపతుల్ని పూజకి పీటల మీద కూర్చోమన్నారు. ఆవిడ కూర్చుంది. ఆయన పందిరి రాట పట్టుకుని మోకాలు వంచారు, మోకాలు వంగలేదు. రెండో కాలు ముందుకి చాపి చూశారు, తొడ ఒప్పుకోలేదు. ఇదేమీ మాయరోగం కాదు. ఏటవాలు దిగేటప్పుడు తొడకండరాలు సాగుతూనే బరువు ఆపాలి. అలా ఆపినప్పుడు లోపల సన్నసన్నగా చిట్లుతాయి. ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ముదురుతుంది. హైదరాబాద్ ఫ్లైఓవర్లు ఎక్కినంతా దిగవలసినవే. లెక్క ప్రకారం ఆదివారం దిగిన బ్రిడ్జిలు బుధవారం పీట దగ్గర ఎదురయ్యాయి.

"ఏం బాబూ, మోకాళ్ళా?" అన్నారు పంతులు గారు.

"కాదండీ, పర్సనల్ బెస్ట్" అన్నారు మేనేజరు గారు, కొంచెం గర్వంగానే.

"అయ్యో. ఎన్నాళ్ళ నుంచండీ? మా బావమరిదికి షుగరుతో పాటే వచ్చింది."

కుర్చీ తెప్పించారు. గణపతి పీట మీద, యజమాని కుర్చీ మీద. పూజ చివర గుంజీళ్ళ దగ్గరికి వచ్చేసరికి రెండో తరగతి పిల్లలు లేచి గబగబా లాగించేశారు. ఇరవయ్యొక్క కిలోమీటర్లు నెగ్గిన మనిషి చెవులు మాత్రం పట్టుకుని, మిగతాది మనసులోనే కానిచ్చారు. బయటికొచ్చాక చెప్పులు వేసుకుంటూ బొటనవేలు చూపించారు. గోరు నల్లగా కమిలింది. బూటు ముందు భాగానికి గంటలకొద్దీ కొట్టుకుని లోపల రక్తం గడ్డకట్టిందని, ఇంకొన్నాళ్ళకి ఊడిపోతుందని వివరించారు. పక్కనే ఉన్న మిరప కూలీ ఒకామె ఆ వేలు కేసి వంగి చూసింది. "గునపం పడిందా అయ్యా?" అంది. పడలేదన్నారు. "మరి ఊరికేనే?" అని నిజంగా జాలిపడింది.

2024 అనుభవం ఇంతకన్నా ఘోరం. ఆ ఏడు ఇదే పరుగు ఆగస్టు 25న జరిగింది. దాని కథలు ఇంకా సగంలో ఉండగానే, సరిగ్గా వారానికి, సెప్టెంబరు 1న మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారి మీదికి వచ్చింది. విజయవాడ, హైదరాబాద్ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది జులైలో కూడా అదే చోట అదే మునేరు. ఇక కేబుల్ బ్రిడ్జి మీద గాలి ఎలా వీచిందో వినే నాథుడెవడు? ప్రతివాడి దగ్గరా వరద కథ ఉంది. ఇంట్లో బియ్యం బస్తా ఎలా మేడ మీదికి ఎక్కించాడో, బస్సులో రాత్రంతా ఎలా కూర్చున్నాడో. ఆ ఏడు రన్నర్లకి శ్రోతలు దొరక్క పతకాలు నేరుగా షోకేసులోకి వెళ్ళాయి.

అసలు పరుగంటే ఏమిటో కాలేజీ గ్రౌండులో తిరిగే కుర్రాళ్ళని అడగాలి. పోలీసు కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. అంటే కిలోమీటరు 5 నిమిషాలు. మేనేజరు గారి చిప్ టైము ప్రకారం చూసినా ఆయనకి కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు దాటింది. ఈ కుర్రాళ్ళ పరుగుకి పతకం లేదు, అరటిపండు లేదు, నెగ్గితే లాఠీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు. నెగ్గినవాళ్ళు బూట్లు కట్టుకుని పరుగుకి సిద్ధమయ్యారు. పరుగు 2024 డిసెంబరు 30న మొదలైంది. దాదాపు రెండేళ్ళు స్టార్టింగ్ గీత దగ్గర వంగి నిలబడ్డ రేసు ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. ఆఖరి రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టు 1న. 8 నిమిషాల పరుగుకి ఇన్ని ఏళ్ళ టైము. ఇందులో గన్ టైమేదో చిప్ టైమేదో మేనేజరు గారే తేల్చాలి.

తిరుపతమ్మ తల్లి భక్తులు మరో రకం. పెనుగంచిప్రోలు అమ్మవారి విగ్రహాలకి రెండేళ్ళకోసారి రంగులు వేయిస్తారు. అందుకు విగ్రహాలు జగ్గయ్యపేటకి వస్తాయి, రంగులయ్యాక ఊరేగింపుగా తిరిగి వెళతాయి. దారి సుమారు ఇరవై కిలోమీటర్లు, అంటే దరిదాపు హాఫ్ మారథానే. దారిపొడుగునా ఊళ్ళకి ఊళ్ళు ఎదురొస్తాయి. కాళ్ళకి జోళ్ళు లేకుండా, బిడ్డని చంకనేసుకుని, నెత్తిన మూట పెట్టుకుని నడిచే ఆడవాళ్ళుంటారు. వాళ్ళెవరూ మర్నాడు పిక్కల గురించి సభ పెట్టరు. పెడదామన్నా మర్నాడు పొద్దున్నే పత్తి చేలో ఉండాలి. ఈ సంగతి చెబితే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆసక్తిగా ముందుకి వంగాడు. "ఎలివేషన్ ఎంతుంటుందంటావ్?"

ఇంతా చేసి నవ్వేవాళ్ళ సంగతి కూడా చూడాలి. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని మేనేజరు గారి నడకని అనుకరించే వాళ్ళలో సగం మందికి జేబులో షుగరు బిళ్ళలున్నాయి. దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. రోజూ నడవమని డాక్టరు చెబితే వీళ్ళు నడుస్తున్నారు కూడా, బండి స్టాండు నుంచి బెంచీ దాకా. టీలో చక్కెర వద్దంటారు, పక్కన రెండు బిస్కెట్లు పెట్టమంటారు. పోయినేడు ప్యాంటు నడుము బిగుతని దర్జీ దగ్గరికి వెళ్ళిన మేనేజరు గారు ఈ ఏడు వదులైందని అదే దర్జీ దగ్గరికి వెళ్ళారు. రెండూళ్ళలోనూ ఆయన పరుగు వల్ల నిఖార్సైన లాభం పొందినవాడు ఆ దర్జీ ఒక్కడే. అతను మాత్రం ఏమీ అనడు, వచ్చే ఏడు కూడా పరిగెత్తండి సార్ అంటాడు.

ఇన్ని అనుభవాలు పోగుపడ్డాక మన దగ్గరే ఒక హాఫ్ మారథాన్ పెట్టాలన్న ఆలోచన రాకుండా ఉంటుందా? వచ్చింది. కమిటీ వేశారు, పదకొండు మంది. నందిగామలో మొదలుపెట్టాలని నందిగామ వాళ్ళు పట్టుపట్టారు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా వేరుపడ్డాక ఆర్డీవో ఆఫీసు తమ ఊళ్ళోనే ఉందన్నది వాళ్ళ వాదన. జగ్గయ్యపేట వాళ్ళు ఒప్పుకోలేదు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు పెట్టి నిలబెట్టిన ఊరిని ముగింపు గీతకి పరిమితం చేస్తారా అన్నారు. తీరా కొలిచి చూస్తే రెండూళ్ళ మధ్య దూరం హాఫ్‌కి ఎక్కువ, ఫుల్లుకి తక్కువ. నందిగామ నుంచి పరిగెత్తితే 21 అయ్యేసరికి చిల్లకల్లు టోల్‌గేట్ దరిదాపుల్లో తేలతారు. పరిగెత్తేవాళ్ళు ఏ లైనులో పోవాలి, ఫాస్టాగ్ ఎక్కడ అంటించుకోవాలి అన్నది హైవే వాళ్ళని అడిగి తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు లారీలు ఎదురొస్తే పక్కకి తప్పుకోవలసింది ఎవరన్నది రెండో ఉపసంఘానికి అప్పగించారు.

తేదీ దగ్గర మళ్ళీ చిక్కు. ఆగస్టులో మునేరు భయం, సంక్రాంతికి కోడిపందేలు, ఫిబ్రవరిలో తిరుపతమ్మ తిరునాళ్ళు, మార్చిలో మిరప కోతలు, ఆ తర్వాత ఎండలు. టీషర్టు రంగు దగ్గరైతే మీటింగే ఆగిపోయింది. పసుపంటే ఒకాయన లేచాడు, నీలమంటే ఇంకొకాయన లేచాడు, ఎరుపూ కాషాయమూ ఎవరూ పైకి అనకముందే అభ్యంతరాలు వచ్చాయి. ఆఖరికి తెలుపన్నారు. లారీల దుమ్ములో ఫినిషింగ్ గీత దాటేసరికి అది ఏ రంగుకి వస్తుందో చూద్దామని వదిలేశారు.

ఏకగ్రీవంగా తేలింది ఒక్కటే, పతకం డిజైను. ఒకవైపు వేదాద్రి నరసింహస్వామి, ఇంకోవైపు ఎర్ర మిరపకాయ. అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఎన్ని చేయించాలని విజయవాడ షాపువాడు ఫోను చేస్తే, పరిగెత్తేవాళ్ళ సంఖ్య ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి పదకొండు చాలన్నారు.